అన్ని సీసాలకూ ఒకే అంకె

మా ద్వీపంలో ఒకరిని తిట్టాలంటే పెద్ద మాటలేమీ అక్కర్లేదు. "మీ బావి నీళ్లు ఈమధ్య కాస్త ఉప్పగా ఉంటున్నాయా?" అని మర్యాదగా అడిగితే చాలు. ఆ ఇంటి ఇల్లాలు ఆ పూటకు అన్నం మానేస్తుంది, ఆ నెలకు మీతో మాట మానేస్తుంది. పెళ్లి సంబంధాలు చూసుకునేటప్పుడు కూడా అబ్బాయి ఏం చదివాడన్నది మావాళ్లకు రెండో ప్రశ్న.

చుట్టూ సముద్రం ఉన్నచోట ఇది మామూలే అనుకోండి. వాన కురిస్తే ఆ నీళ్లు మా ఇసుకలోకి దిగి, అడుగున ఉన్న ఉప్పునీళ్ల మీద పాల మీద మీగడలా తేలుతూ ఉంటాయి. ఎవరి బావి ఆ మీగడలో పడితే వాళ్లు అదృష్టవంతులు. పడనివాళ్లు ఆ సంగతి చచ్చినా పైకి చెప్పరు. మా పక్కింటి టైలరత్తనే తీసుకోండి. ఆవిడ బావి నీళ్లతో ఉతికిన నల్లబట్ట ఆరేసరికి తెల్లచారల బట్ట అవుతుంది. అయినా ఎవరైనా దాహం అంటే, "నీళ్లేముందమ్మా, నీళ్లు ఎవరైనా ఇస్తారు, సోడా తాగు" అని సీసా మూత తీసేస్తుంది.

ఇక మా పెద్దమ్మ బావి ఆ మీగడకు సరిగ్గా నడిమధ్యన పడింది. అందులో ఆవిడ గొప్పేమీ లేదు, ఎవరో ముత్తాత తవ్వించాడు. కానీ ఆవిడ వీధిలో నడిచే తీరు చూస్తే, రోజూ పొద్దున్నే తనే దిగి ఆ నీళ్లలో పంచదార కలిపి వస్తోందేమో అనిపిస్తుంది. నన్ను పెంచింది ఈవిడే. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఆవిడకు మాట నాలుక చివర ఉంటుంది, మా ఇద్దరి మధ్యా గోడలకే విశ్రాంతి లేదు.

నేను యూనివర్సిటీలో పర్యావరణ శాస్త్రం పరిశోధన విద్యార్థిని. మా ద్వీపం నుంచి ఆ మెట్లెక్కిన మొదటిదాన్ని, అందుకే మావాళ్లు నన్ను "బుల్లి సైంటిస్టు" అంటారు. ప్రేమతో అంటారో వెటకారంతో అంటారో ఇప్పటికీ తేల్చుకోలేదు. మా యూనివర్సిటీ చిన్న ద్వీపాల మంచినీళ్ల మీద ఒక పరిశోధన మొదలుపెట్టింది. ముందు ఒక విడత కొలతలు తీస్తారు. అవి నమ్మదగ్గవిగా ఉంటే ఆ ద్వీపంలోనే ఒక చిన్న ల్యాబు కడతారు, వాననీళ్లు నేలలోకి దింపే ఏర్పాట్లు చేస్తారు, ఆ ల్యాబు ఆ ఊరి విద్యార్థి చేతిలో పెడతారు. అంటే నా చేతిలో! డిగ్రీ, ఉద్యోగం, పెద్దమ్మ చేతి టీ, మూడూ ఒకే వీధిలో. ఈ సంగతి తెలిసినరోజు నేను లాంచీ రేవు నుంచి ఇంటిదాకా నడిచినట్టు నాకు గుర్తులేదు, ఎగిరే వచ్చి ఉంటాను. కొలతలు చెడితే మాత్రం ల్యాబు అవతలి ద్వీపానికి పోతుంది. వాళ్లకు పోవడం కన్నా సముద్రంలో పోవడం నయం.

ఈ పథకం వేసింది మా ప్రొఫెసర్ మేడమ్. ఆవిడ మంచిది, నవ్వడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆవిడ పెట్టిన ముఖ్యమైన నియమం ఒకటే: "నీళ్లు మనం తీసుకురాకూడదు. ఎవరి బావి నీళ్లు వాళ్లే పట్టి ఇవ్వాలి. అప్పుడే ఇది వాళ్ల పరిశోధన అవుతుంది." వినడానికి ఎంత బాగుందో చూడండి. నేనూ చప్పట్లు కొట్టాను. బళ్లో సమావేశం పెట్టి, ఇంటికొక సీసా చొప్పున నలభై సీసాలు పంచి, "వచ్చే సోమవారానికి మీ బావి నీళ్లు, మీ చేత్తో పట్టి ఇవ్వండి. ఎలా ఉన్నా పర్లేదు" అని చెప్పాను. అందరూ బుద్ధిగా తలలూపారు. ఆ "ఎలా ఉన్నా పర్లేదు" అన్న మాట విన్నప్పుడు మాత్రం టైలరత్త సోడా మింగినట్టు గుటక వేసింది.

తర్వాత ఏం జరిగిందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది కానీ, మీకు ఇప్పుడే చెప్పేస్తాను. దాచుకోవడం మా వంశంలో లేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం నేను రేవు వైపు వెళ్లగానే టైలరత్త మా ఇంటి వెనక తలుపు దగ్గరకొచ్చింది. కొంగు కింద సీసా.

"వదినా, యూనివర్సిటీకి పోయే నీళ్లు. అంత చదువుకున్నవాళ్ల ముందు మన వీధి పరువు పోకూడదు కదా. ఒక్క సీసా తోడుకుంటాను. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి. నామీద ఒట్టు."

మా పెద్దమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరింట్లో పాలు విరిగినా సాయంత్రానికి రేవు దాకా తెలిసేది ఆవిడ చలవే. అలాంటిది, జీవితంలో మొదటిసారి టైలరత్త తన బావిని మంచిదని ఒప్పుకుంటోంది! ఆ ఆనందంలో ఆవిడ ఒట్టేసేసింది. అత్త వెళ్లిన కాసేపటికి పోస్టుమాస్టరు గారి భార్య వచ్చింది. అవే మాటలు, అదే ఒట్టు. తర్వాత వడ్రంగి తల్లి. తర్వాత బేకరీ ఆవిడ. సోమవారం వచ్చేసరికి ద్వీపంలో ఉన్న ఇళ్లన్నీ విడివిడిగా, ఒకరికి తెలియకుండా ఒకరు, మా వెనక తలుపు తట్టాయి. ప్రతి ఒక్కరూ తామొక్కరే ఈ పని చేస్తున్నామనుకున్నారు. ఒకరికొకరు ఎదురుపడకుండా పెద్దమ్మ ఒక పద్ధతి కూడా పెట్టింది: దండెం మీద ఎర్ర తువ్వాలు ఉంటే లోపల ఎవరో ఉన్నట్టు, కాసేపాగి రావాలి. తువ్వాలు లేకపోతే దారి ఖాళీ. ఆ వారం మా తువ్వాలు ఎక్కినన్నిసార్లు దండెం మీదకు ఏ బట్టా ఎక్కి ఉండదు.

సీసాతో మొదలైంది సీసాతో ఆగితే బాగుండేది. ఆ తీపి నాలుకకు తగిలాక ఎవరు ఆగుతారు? "ఒక్క బిందె వదినా, తాగడానికి మాత్రమే." మర్నాడు, "పెరుగు తోడుకోవడంలేదు పిన్నీ, ఒక్క క్యాను." వారం తిరిగేసరికి టైలరత్త గోడ మీంచి ఒక సన్నపైపు వేసి, చిన్న మోటారు బిగించుకుంది. ఆ చప్పుడు బయటికి వినబడకుండా అది తిరిగినంతసేపూ మిషను కుట్టేది. ఆ నెలలో ఆవిడ అవసరం లేకుండా కుట్టిన దిండుగలీబులు ద్వీపమంతటికీ సరిపోతాయి. పెద్దమ్మ ఎవరినీ కాదనలేదు. ఒకరిని కాదంటే ఆ ఒకరు అలుగుతారు, అలిగితే నోరు జారతారు, నోరు జారితే మిగతా ఒట్లన్నీ గంగలో కలుస్తాయి.

ఇవేవీ తెలియని నేను, తళతళలాడే నలభై సీసాలు పెట్టెలో సర్దుకుని, ఆ సోమవారమే లాంచీ ఎక్కి, నా వంతు వచ్చేదాకా నెల పైన యూనివర్సిటీలోనే ఆగి, అప్పుడు ల్యాబులో కూర్చున్నాను. మా ల్యాబు చిన్న గది. ఒక సింకు, గుర్రుపెట్టే ఒక ఫ్రిజ్జు, ఒక కాలు పొట్టిదైన స్టూలు. మీటరు కడ్డీని నీళ్లలో ముంచితే ఎంత ఉప్పుందో ఒక అంకె చూపిస్తుంది. అంకె ఎంత చిన్నదైతే నీళ్లు అంత మంచివి. మొదటి సీసా: నాలుగు వందల ఇరవై. అబ్బ, ఎంత మంచి నీళ్లు! రెండోది: నాలుగు వందల ఇరవై. మూడోది, నాలుగోది కూడా అంతే. నాకు సంతోషంతో స్టూలు మీద కాలు ఆగలేదు, ఆ పొట్టికాలు టకటకా కొట్టుకుంది. పదోది దాటాక సంతోషం తగ్గింది. పదిహేనోది దాటాక మీటరును తిట్టడం మొదలుపెట్టాను.

కడ్డీ కడిగాను. బ్యాటరీ మార్చాను. పక్క ల్యాబు మీటరు అరువు తెచ్చాను. చివరికి నామీద నాకే అనుమానం వచ్చి, సీసాల మీద పేర్లన్నీ కాగితంతో మూసేసి, కలిపేసి, ఏది ఎవరిదో నాకే తెలియకుండా మళ్లీ మొదటినుంచీ కొలిచాను. నాలుగు వందల ఇరవై. అటూ ఇటూగా ఒకటో రెండో, అంతే. నేను చూసిందే రాశాను, రాసిందే ఇచ్చాను. చూసింది మార్చి రాసే అలవాటు నాకు లేదు.

మేడమ్ ఆ కాగితం చాలాసేపు చూసింది.

"నలభై బావులకూ ఒకటే అంకె," అంది. "ఏ ద్వీపంలోనూ ఇలా ఉండదు. ఒడ్డుకు దగ్గరున్న బావీ, మధ్యలో ఉన్న బావీ ఒక్కటే ఎలా అవుతాయి? ఇది కొలిచి రాసినట్టు లేదు. ఒకటి కొలిచి, మిగతావి కుర్చీలో కూర్చుని నింపినట్టుంది."

"మేడమ్, నేను రెండుసార్లు కొలిచాను!"

"నిన్ను నమ్మాలనే ఉంది. కానీ కాగితం నమ్మనివ్వడంలేదు. శనివారం నేనే మీ ద్వీపానికి వస్తాను. ప్రతి ఇంటి నుంచీ మళ్లీ ఒక సీసా తీసుకుంటాను. అవి దీనికి సరిపోకపోతే సోమవారం కమిటీకి నీ పేరు పంపక తప్పదు. పథకంలోనూ ఉండవు, యూనివర్సిటీలోనూ ఉండవు."

తిట్టి ఉంటే నేనూ ఎదురు తిరిగి ఉండేదాన్ని. ఆవిడ బాధగా చెప్పింది. తిరుగు లాంచీలో పట్టె మీద తల ఆనించి ఏడ్చాను. లాంచీ నడిపే బాబాయ్ చుక్కాని వదిలేసి మరీ నాకు చేతిరుమాలు ఇచ్చి, ఏమైందో మొత్తం కూపీ లాగాడు. దాంతో లాంచీ ఒడ్డుకు తాడు కట్టకముందే ప్రొఫెసరమ్మ శనివారం వస్తోందనీ, మళ్లీ సీసాలు అడుగుతుందనీ రేవంతా తెలిసిపోయింది.

మిగిలిన రెండు రోజులూ కాలు కాలిన పిల్లిలా ఇల్లిల్లూ తిరిగాను. "ఒక్కసారి మీ బావిలో మీటరు ముంచుకోనివ్వండి పిన్నీ" అని బతిమాలాను. పోస్టుమాస్టరు భార్య బావి మూత తాళంచెవి పోయిందంది. వడ్రంగి తల్లి, బావి మూత మీద పిల్లి ఈనింది, కదపకూడదంది. బేకరీ ఆవిడ నీళ్లు నమిలి, ఒక బన్ను ఇచ్చి పంపేసింది. టైలరత్త అయితే ఏకంగా, "బావా? మాకు బావి ఉందా?" అంది. పొరపాటున నిజం నోట్లోంచి వచ్చేస్తుందేమోనన్న కంగారులో ఏం మాట్లాడుతోందో ఆవిడకే తెలియలేదు. అప్పటికైనా నాకు అర్థం కావాలి. కాలేదు. నా బుర్రలో ఉన్న శాస్త్రమంతా మీటరు చుట్టూ తిరిగిందే కానీ మనుషుల చుట్టూ తిరగలేదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది పెద్దమ్మ మౌనం. సంగతంతా చెప్పి ఆవిడ ఒళ్లో తల పెట్టుకుంటే, ఆవిడ జుట్టు నిమిరింది కానీ ఒక్క మాట మాట్లాడలేదు. నోరు తెరవడం, మూసుకోవడం. మళ్లీ తెరవడం, లేచి వంటింట్లోకి పోవడం. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. టీ కూడా నోట్లో పెట్టుకోలేనంత తియ్యగా పెడుతోంది.

నిజానికి ఆ రెండు రోజులూ ఆవిడ నాకు తెలియకుండా ఇల్లిల్లూ తిరిగింది. "ఒట్టు వెనక్కి తీసుకోండమ్మా, నా పిల్ల దొంగ అవుతోంది" అని ఒక్కొక్కరినీ అడిగింది. నీ పిల్ల కోసం మిగతావాళ్లెవరైనా చెప్పుకోనీ, నా పేరు మాత్రం వద్దన్నారు అందరూ.

"నా పేరు బయటికొస్తే బావిలో దూకుతాను వదినా!" అంది టైలరత్త.

"ఎవరి బావిలో?"

"నీ బావిలోనే. నాది మునిగేంత లోతు లేదు."

శనివారం తెల్లారింది. పెద్దమ్మ పెరట్లోకి వెళ్లి, దండెం మీది ఎర్ర తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, బీరువాలో పెట్టి తాళం వేసింది. నేను చూస్తూనే ఉన్నాను, తువ్వాలుకు తాళం ఏమిటా అని కూడా అనుకున్నాను. కానీ ఆ హడావిడిలో అడగాలని తోచలేదు.

మేడమ్ పది గంటల లాంచీకి దిగింది. ఒక చేతిలో మీటరు పెట్టె, ఒక చేతిలో గొడుగు, మొహంలో అదే విచారం. ముందు గదిలో కూర్చోబెట్టాం. ఊరికే కూర్చునే మనిషి కాదావిడ. "ఇక మొదలుపెడదామా, ఇళ్లవాళ్లను పిలిపించండి" అంది.

"కూర్చోండమ్మా, ఇప్పుడేగా వచ్చారు," అంది పెద్దమ్మ. అని మొదలుపెట్టింది. రెండు రోజులుగా మూసుకున్న నోరు తెరిచి మా వీధి గోడల వయసు, లాంచీ ఇంజను చప్పుడులో వచ్చిన మార్పు, తన మోకాలి నొప్పి, నా చిన్నప్పటి దద్దుర్లు, ఒక్కటి వదిలిపెట్టలేదు. చెబుతూ చెబుతూ ఒక చెవి మాత్రం పెరటి వైపు వేసి ఉంచింది. మేడమ్ గడియారం చూసుకుంటోంది. పెరట్లో ఏదో గిలక కిర్రుమంది. ఎవరో "ష్" అన్నారు. ఇంకెవరో "నువ్వెందుకొచ్చావ్?" అన్నారు.

పెద్దమ్మ లేచి నిలబడింది.

"ప్రొఫెసరమ్మగారూ, మీరు అందరి బావులూ కొలవండి. కానీ ముందు నాది కొలవండి. వెనక్కి రండి."

వెనక తలుపు బార్లా తీసింది.

నేను చూసిన దృశ్యం చెప్పాలంటే ఇప్పటికీ నవ్వు ఆగదు. మా పెరట్లో కాలు పెట్టే సందు లేదు. ద్వీపంలో ఉన్న ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. ప్రతి చేతిలోనూ ఒక ఖాళీ సీసా. తువ్వాలు లేదని దారి ఖాళీ అనుకుని, ఎవరికి వారు దొంగచాటుగా వచ్చి, ఒకరినొకరు చూసుకుని కొయ్యబారిపోయారు. పోస్టుమాస్టరు భార్య గిలక తాడు పట్టుకుని ఉంది, వదిలితే బొక్కెన పడిపోతుంది, వదలకపోతే దొరికిపోతుంది. వడ్రంగి తల్లి సీసాను వీపు వెనక దాచింది కానీ ఆవిడ వెనకే నిలబడ్డ బేకరీ ఆవిడకు అది డొక్కలో గుచ్చుకుంటోంది. టైలరత్త ఒక కాలు గోడకు అటు, ఒక కాలు ఇటు వేసి, గోడ మీదే ఉండిపోయింది.

"నేను... కరివేపాకు కోసం," అంది గోడ మీంచి.

"మా పెరట్లో కరివేపాకు లేదుగా అత్తా!" అన్నాను.

"అదే, లేదని చెప్పడానికి వచ్చాను."

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, ఇక ఆపడం ఎవరి తరం కాలేదు. పోస్టుమాస్టరు భార్య నవ్వి నవ్వి తాడు వదిలేసింది, బొక్కెన బావిలో దభీమని పడింది, దాంతో ఇంకా నవ్వు. "నువ్వు కూడానా?" "నువ్వు కూడానా?" అని ఒకరినొకరు వేలెత్తి చూపించుకుంటూ, కడుపులు పట్టుకుని మెట్ల మీద కూలబడ్డారు. నేనూ నవ్వాను, నవ్వుతూ నవ్వుతూనే నలభై సీసాల రహస్యం నా బుర్రకు ఎక్కింది. కోపం రావాలి, రాలేదు. గోడ మీది అత్తను ముద్దు పెట్టుకోవాలనిపించింది.

మేడమ్ నవ్వలేదు. అందరినీ, అందరి సీసాలనూ వరసగా చూసి, "ముందోసారి ఇచ్చిన నీళ్లు కూడా ఇక్కడివేనా?" అని అడిగింది. తలలన్నీ కిందికి వాలాయి. ఎవరూ అవునని అనలేదు, ఎవరూ కాదని అనలేదు.

పెద్దమ్మ ఎవరివైపూ చూడలేదు. బొక్కెన పైకి లాగి మేడమ్ ముందు పెట్టింది. "కొలవండి," అంది.

మేడమ్ కడ్డీ ముంచింది. అంకె నాలుగు వందల ఇరవై దగ్గర ఆగలేదు. వెయ్యి దాటింది. పదిహేను వందలు దాటి, అక్కడెక్కడో నిలబడింది. నేను తెల్లమొహం వేశాను. మా బావి! అందరికన్నా తియ్యటి మా బావి!

"నాకు నాలుగు రోజుల్నుంచీ తెలుసు," అంది పెద్దమ్మ. "టీలో ఉప్పు తగుల్తోంది. పంచదార ఎక్కువేసి కప్పెట్టాను. ఇదిగో, అందరూ వినండి, నా బావి ఉప్పుబావి అయిపోయింది."

పెరట్లో నవ్వులన్నీ ఆగిపోయాయి. ఈ మాట ఆవిడ నోటి నుంచి వచ్చిందంటే మాకు ఎలా ఉంటుందో పరాయివాళ్లకు చెప్పడం కష్టం. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఎలా జరిగిందో మేడమ్ విడమరిచి చెప్పింది. మీగడంతా ఒకేచోట నుంచి తోడేస్తే అడుగునున్న ఉప్పునీళ్లు పైకి లేస్తాయి, ఈ బావిని నెలన్నరగా ద్వీపమంతా కలిసి తోడింది, అంతే. వింటున్నంతసేపూ టైలరత్త తన మోటారు వైపు చూడకుండా ఉండటానికి ఆకాశం వైపు చూసింది. చివరికి గోడ దిగి ముందుకొచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"నాది కొలవండి. మా వదినే చెప్పుకోగా లేంది నాకేమిటి? అది బావి కాదు, ఉప్పుకొటారు. తేల్చేసుకుందాం."

ఇక చూడండి! ఆవిడ వెనక బేకరీ ఆవిడ, "నాది అంతకన్నా ఘోరం, ముందు నాది!" అంటుంది. "మాది సబ్బు నురగ కూడా రాదు" అని వడ్రంగి తల్లి. పోస్టుమాస్టరు భార్యకు తాళంచెవి జాకెట్లోనే దొరికింది. పిల్లి ఎక్కడా ఈనలేదు. మేడమ్ మీటరు పట్టుకుని ముందు నడుస్తుంటే, వెనక ద్వీపమంతా ఊరేగింపులా కదిలింది. లాంచీ బాబాయ్ తిరుగు ప్రయాణం మానేసి గొడుగు పట్టాడు. అంకె పెద్దదొచ్చిన ఇంటి ముందు ఈలలు, చప్పట్లు. జీవితమంతా దాచుకున్న ఉప్పును ఒక్కపూటలో బయట పోసుకుంటున్నారు. మోస్తున్న బరువు దించుకుంటే మనిషికి ఇంత ఉత్సాహం వస్తుందని నాకు తెలియదు.

టైలరత్త బావి దగ్గర కడ్డీ నేనే ముంచాను. ఒకసారి చూశాను. తుడిచి మళ్లీ ముంచాను.

"మూడు వందల ఎనభై," అన్నాను.

"వేలా?" అంది అత్త.

"వందలే అత్తా. నీది తియ్యటి నీళ్లు. ద్వీపంలో అన్నిటికన్నా తియ్యటి నీళ్లు!"

నెలన్నరగా ఆవిడ తన బావిలో చెంబు ముంచలేదు. మధ్యలో వానలు కురిశాయి. ఎవరూ తోడని బావిలో మీగడ నెమ్మదిగా పేరుకుంది. అత్త నమ్మలేదు. దోసిలి పట్టి తాగింది. ఇంకోసారి తాగింది. అక్కడే గట్టు మీద కూర్చుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నవ్వో ఏడుపో తెలియకుండా ఊగిపోయింది. తర్వాత లేచి చెంబు నిండా ముంచి, అందరినీ తోసుకుంటూ వెళ్లి పెద్దమ్మ చేతికిచ్చింది. "తాగు వదినా, మొదట నువ్వే తాగాలి," అంది. పెద్దమ్మ చెంబెత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, "బాగున్నాయి" అంది. ఒక్క మాటే. ఆ ఒక్క మాటకే అత్త చాలా పొంగిపోయింది.

సాయంత్రం లాంచీ ఎక్కబోయే ముందు మేడమ్ నన్ను పక్కకు పిలిచింది. నా పాత కాగితం ఆవిడ చేతిలో ఉంది. దాన్ని చించేస్తుందనుకున్నాను.

"పేర్లు మూసి, కలిపేసి మళ్లీ కొలిచానన్నావు కదా?"

"అవును మేడమ్."

"ఒకే బావి నీళ్లు నలభై పేర్లతో నీ చేతికొచ్చాయి. నీకు తెలియదు. అయినా నలభైసార్లూ ఒకటే అంకె రాశావు. తేడా ఉండాలని నీకూ తెలుసు, తేడా ఉంటేనే నీకు లాభం. అయినా మార్చలేదు." ఆవిడ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది. "ఇంత నికార్సయిన చెయ్యిని నేను నా విద్యార్థుల్లో చూడలేదు. కమిటీకి నీ పేరు పంపుతున్నాను, ల్యాబుకి. నియమం పెట్టిన తప్పు నాది. నిన్ను అనుమానించిన తప్పు కూడా నాదే."

అప్పుడు నవ్వింది. అలవాటు లేని నవ్వు, కాస్త వంకరగా ఉంది. నేను మేడమ్ని కావలించుకున్నాను. యూనివర్సిటీలో అలా చేయకూడదు, కానీ ఇది మా రేవు.

పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. పెద్దమ్మ బావి మీద మూత వేసి, దాని మీద కూర్చుని ఉంది. మేడమ్ ఇక్కడినుంచి వెళ్లేముందే చెప్పింది: ఈ బావిని తోడకుండా వదిలేయాలి, రెండు వానాకాలాలు పట్టొచ్చు.

"ల్యాబు మనకే పెద్దమ్మా! నాకే!" అని ఆవిడ పక్కన కూలబడ్డాను. తర్వాత గుర్తొచ్చి, "అంతమందికి ఒట్టేశావు కదా, ఇప్పుడు ఏమవుతుంది?" అన్నాను.

"ఏమవుతుంది? నేనెవరి సంగతీ చెప్పలేదు. నా బావి సంగతి చెప్పుకున్నాను. తలుపు తీశాను. తలుపు తియ్యనని నేనెవరికీ ఒట్టెయ్యలేదు."

"కానీ నీ బావి... అందరి ముందూ అలా..."

ఆవిడ నా చెవి పట్టుకుని మెలిపెట్టింది, చిన్నప్పుడు అల్లరి చేస్తే మెలిపెట్టినట్టే.

"పిచ్చిదానా, బావికేముందే? వాన పడితే మళ్లీ బాగవుతుంది. నీకు దొంగ అన్న పేరు పడితే ఏ వాన కడుగుతుంది?"

గోడ అవతల టైలరత్త, రావాలంటే గోడెక్కక్కర్లేదు, బిందె తీసుకుని రమ్మని ద్వీపమంతటికీ వినబడేలా కేకేస్తోంది. పెద్దమ్మ లేచి, చీర దులుపుకుని, నా చేతికి బిందె ఇచ్చి, తను కూడా ఒకటి చంకనెత్తుకుంది.